గడ్డకట్టనని మొండికేసిన హీలియం

ఒక్క నీటి అణువును విడిగా పెట్టి, ఇది మంచా, నీరా, ఆవిరా అని అడిగితే జవాబు చెప్పలేం. మంచుగడ్డలోని అణువైనా, చెంబులో నీళ్లలోని అణువైనా, ఇడ్లీపాత్ర మూత సందులోంచి పైకి లేచే ఆవిరిలోని అణువైనా అవే రెండు హైడ్రోజన్ పరమాణువులు, అదే ఒక ఆక్సిజన్ పరమాణువు. మంచులోని అణువు గట్టిగా ఉండదు, నీళ్లలోని అణువు తడిగా ఉండదు. ఒక్క మనిషిని చూపించి జాతర ఎలా ఉందని అడగలేం కదా, ఇదీ అంతే. ఘనం, ద్రవం, వాయువు అనేవి కణాల గుంపుకు చెల్లే మాటలు, కణానికి చెల్లవు.

బడిలో మనం ఈ సంగతి నేర్చుకున్న తీరు వేరు. ఇనుము ఘనం, పాదరసం ద్రవం, ఆక్సిజన్ వాయువు అని పట్టిక వేసి బట్టీ పట్టించారు. దాంతో గట్టిదనం ఇనుము స్వభావమనీ, ఎగిరిపోవడం ఆక్సిజన్ స్వభావమనీ మనసులో నాటుకుపోయింది. ఆ పట్టిక మనం బతికే ఉష్ణోగ్రతకూ, మన చుట్టూ ఉన్న గాలి పీడనానికీ మాత్రమే వర్తిస్తుంది. వేడినీ పీడనాన్నీ మారిస్తే పట్టిక మొత్తం తారుమారవుతుంది. స్థితి అంటే ఏమిటో నిజంగా అర్థం కావాలంటే, ఆ మార్పుకు అన్నిటికంటే ఎక్కువగా ఎదురు తిరిగిన పదార్థాన్ని చూడాలి. ఆ పదార్థం హీలియం. దాని కథలో మొదటి ఘట్టం మన తెలుగు నేల మీదే జరిగింది.

1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం పట్టింది. చంద్రుడి నీడ దక్షిణ భారతం మీదుగా సాగింది. ఫ్రాన్సు నుంచి వచ్చిన పియరీ జాన్సెన్ గుంటూరులో పరికరాలు సిద్ధం చేసుకున్నాడు. జేమ్స్ టెనంట్ నాయకత్వంలో బ్రిటిష్ బృందం ఒకటి కూడా గుంటూరుకే వచ్చింది. మద్రాసు అబ్జర్వేటరీ అధిపతి నార్మన్ పోగ్సన్ మచిలీపట్నం వెళ్లాడు. అదే అబ్జర్వేటరీలో పనిచేసిన చింతామణి రఘునాథాచారి నిజాం రాజ్యంలోని వనపర్తికి మరో బృందాన్ని తీసుకెళ్లాడు. వీళ్లలో చాలామంది తేల్చుకోదలచినది ఒక స్థితి ప్రశ్నే. గ్రహణం వేళ చంద్రబింబం అంచున ఎర్రని నాలుకల్లాంటివి కనిపిస్తాయి. అవి ఏ స్థితిలో ఉన్న పదార్థం?

కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉన్నదాన్ని ముట్టుకుని చూడలేం. అయితే ఆ గ్రహణానికి కొద్ది ఏళ్ల ముందే కిర్కాఫ్, బున్సెన్ అనే జర్మన్ శాస్త్రవేత్తలు ఒక మార్గం చూపించి ఉన్నారు. ఎర్రగా కాలిన ఇనుప కడ్డీ వెలుగును వర్ణపటదర్శినిలో చూస్తే రంగులన్నీ ఒకదాన్లో ఒకటి కలిసిపోయి ఎడతెగని పట్టీలా కనిపిస్తాయి. పలచని వేడి వాయువు వెలుగులో అలా ఉండదు. చీకట్లో అక్కడక్కడా గీసినట్టు విడివిడి రంగు గీతలే ఉంటాయి. ఘనంలో పరమాణువులు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ ఉంటాయి కాబట్టి ప్రతిదాని వెలుగూ పక్కవాటి ప్రభావంతో చెదిరిపోతుంది. పలచని వాయువులో ఒక్కో పరమాణువూ ఒంటరిగా ఉండి, తన సొంత గీతలను మాత్రమే వెలువరిస్తుంది. అంటే కణాల మధ్య ఎడం ఎంత ఉందో వెలుగే చెబుతుంది.

గుంటూరులో జాన్సెన్ చూసినవి విడివిడి గీతలు. ఎర్రని నాలుకలు వేడి వాయువులేనని తేలిపోయింది. గీతలు ఎంత ప్రకాశంగా ఉన్నాయంటే, గ్రహణం లేకపోయినా వీటిని చూడవచ్చునని ఆయనకు తోచింది. మర్నాడు మామూలు ఎండలోనే చూసి నిరూపించాడు. గీతల్లో ఒకటి పసుపుపచ్చనిది. సోడియంకు కూడా పసుపు గీతలుంటాయి, మనం వాడే ఉప్పును మంటలో చల్లితే వచ్చే రంగు అదే. చాలామంది ఇది సోడియమేననుకున్నారు. మచిలీపట్నంలో పోగ్సన్ మాత్రం, ఆ గీత సోడియం గీత ఉండవలసిన చోట సరిగ్గా లేదని తన నివేదికలో రాశాడు. రెండింటికీ తేడా రెండు నానోమీటర్లయినా లేదు. హీలియం కథ చెప్పేటప్పుడు పోగ్సన్ పేరు తరచూ జారిపోతుంది. అది అన్యాయం. ఆ ఏడాది అక్టోబరులో ఇంగ్లండులో నార్మన్ లాకియర్ గ్రహణం లేకుండానే ఆ గీతను చూసి, భూమి మీద ఎరిగిన ఏ మూలకానికీ అది చెందదని పట్టుబట్టాడు. సూర్యుడి గ్రీకు పేరు మీదుగా దానికి హీలియం అని పేరు వచ్చింది.

పాతికేళ్లకు పైగా హీలియం అంటే సూర్యుడి వెలుగులో ఒక గీత మాత్రమే. 1895లో లండన్లో విలియం రామ్సే యురేనియం ఉన్న క్లీవైట్ అనే ఖనిజాన్ని ఆమ్లంతో కలిపి, వచ్చిన వాయువును పరీక్షించాడు. అదే పసుపు గీత కనిపించింది. యురేనియం రాతిలో హీలియం ఎందుకుందన్నది అప్పటికి ఎవరికీ అంతుపట్టలేదు. కారణం రేడియోధార్మికత. యురేనియం, థోరియం, రేడియం పరమాణువులు విరిగినప్పుడు ఆల్ఫా కణాలు బయటికి దూసుకొస్తాయి. ఎర్నెస్ట్ రూథర్‌ఫర్డ్, థామస్ రాయిడ్స్ వాటిని పలచని గాజుగోడ గుండా ఖాళీ గొట్టంలోకి పోనిచ్చారు. కొద్ది రోజుల తర్వాత అందులో విద్యుత్తు ప్రసరింపజేసి చూస్తే హీలియం గీత వెలిగింది. ఆల్ఫా కణమంటే రెండు ఎలక్ట్రాన్లు ఊడిపోయిన హీలియం పరమాణువేనని 1909లో వాళ్లు ప్రకటించారు.

ఈ ప్రయోగం వెనకే వచ్చిన లెక్క నాకు విజ్ఞానశాస్త్ర చరిత్రలో అన్నిటికన్నా ఇష్టమైన లెక్కల్లో ఒకటి. పరమాణువులు నిజంగా ఉన్నాయా, లేక రసాయన లెక్కల సౌకర్యం కోసం ఊహించుకున్నవా అని పెద్ద పెద్ద శాస్త్రవేత్తలే ఇరవయ్యో శతాబ్దం మొదట్లోనూ వాదించుకునేవారు. రూథర్‌ఫర్డ్, గైగర్ ఆల్ఫా కణాలను ఒక్కొక్కటిగా లెక్కపెట్టే పరికరం తయారుచేశారు. గ్రాము రేడియం నుంచి సెకనుకు సుమారు 3,400 కోట్ల కణాలు వస్తున్నాయని తేలింది. రేడియంతోపాటు దాని నుంచి పుట్టే మూలకాలు మరో మూడు కూడా అంతంత కణాలను వదులుతాయి. అంటే మొత్తం నాలుగింతలు. మరోవైపు, ఆ రేడియం నుంచి ఏడాదికి పోగయ్యే హీలియం పరిమాణాన్ని బోల్ట్‌వుడ్, రూథర్‌ఫర్డ్ కొలిచారు. అది సుమారు 156 ఘన మిల్లీమీటర్లు. ఏడాదిలో వచ్చిన కణాల సంఖ్యను ఆ వాయువు పరిమాణంతో భాగించండి. ఒక ఘన సెంటీమీటరులో సుమారు రెండు లక్షల డెబ్బై వేల కోట్ల కోట్ల పరమాణువులున్నాయని వస్తుంది. పూర్తిగా వేరే దారుల్లో, నీటిలో తేలే సూక్ష్మరేణువుల కదలికను కొలిచి ఫ్రాన్సులో జాన్ పెరిన్ చేరిన సంఖ్య కూడా ఇంచుమించు ఇంతే. పరమాణువులు ఊహ అనడానికి ఇక వీలు లేకపోయింది.

కణాలున్నాయి సరే. అవి ఒకచోట గడ్డగా, ఇంకోచోట ద్రవంగా, మరోచోట వాయువుగా ఎందుకుంటాయి?

రెండు శక్తుల పోటీ ఇది. కణాలన్నీ ఎప్పుడూ కదులుతూ ఉంటాయి. వేడి అని మనం అంటున్నది ఆ కదలికనే. కణాల మధ్య కాస్తో కూస్తో ఆకర్షణ కూడా ఉంటుంది. ఆకర్షణ బాగా పైచేయి అయితే కణాలు ఒకచోట కుదురుకుని, ఉన్నచోటే కంపిస్తుంటాయి. కదలిక కొంత పెరిగితే ఒకదాన్నొకటి వదలకుండానే చోటు మార్చుకుంటాయి. ఇంకా పెరిగితే విడిపోయి ఎవరి దారిన అవి పోతాయి. ద్రవం ఆవిరి కావాలంటే ఆకర్షణను తెంపడానికి శక్తి పెట్టాలి. దాన్నే గుప్తోష్ణం అంటారు. ఒక గ్రాము నీటిని ఆవిరి చేయడానికి 2,257 జౌళ్లు కావాలి. ఒక గ్రాము హీలియం ద్రవానికి 21 జౌళ్లు చాలు. హీలియం పరమాణువుల మధ్య బంధం ఎంత బలహీనమో ఈ రెండు సంఖ్యలు చెబుతాయి. హీలియం కేంద్రకం తన రెండు ఎలక్ట్రాన్లనూ మరే మూలకమూ పట్టుకోనంత గట్టిగా పట్టుకుంటుంది. వాటిని పక్క పరమాణువు ప్రభావానికి లోనుకానివ్వదు. అందుకే ఇరుగుపొరుగుతో దానికి దాదాపు పొత్తు ఉండదు.

పీడనం సంగతి చూద్దాం. వాయువును గట్టిగా నొక్కితే కణాలు దగ్గరై ద్రవమైపోవాలి కదా? మైకేల్ ఫారడే 1823 నుంచి ఈ పద్ధతిలోనే క్లోరిన్ వగైరా చాలా వాయువులను ద్రవాలుగా మార్చాడు. కానీ ఆక్సిజన్, నైట్రోజన్, హైడ్రోజన్ లాంటివి ఎంత నొక్కినా లొంగలేదు. వాటికి శాశ్వత వాయువులని పేరుపెట్టేశారు. ఎందుకు లొంగలేదో 1869లో బెల్‌ఫాస్ట్‌లో థామస్ ఆండ్రూస్ బొగ్గుపులుసు వాయువుతో చూపించాడు. 31 డిగ్రీల సెల్సియస్‌కు దిగువన దాన్ని నొక్కితే ద్రవమవుతుంది. అంతకు మించి వేడిగా ఉంటే ఎంత నొక్కినా ద్రవానికీ వాయువుకూ మధ్య హద్దు గీతే కనిపించదు. కణాల వేగం ఆకర్షణకు అందనంత ఎక్కువైపోతుంది. దీన్నే సందిగ్ధ ఉష్ణోగ్రత అంటారు. ప్రతి పదార్థానికీ ఇది వేరు. నీటికి 374 డిగ్రీలు, ఆక్సిజన్‌కు మైనస్ 118, హైడ్రోజన్‌కు మైనస్ 240. హీలియంకు మైనస్ 268.

ఇది ప్రయోగశాలకే పరిమితమైన విషయం కాదు. వంటింట్లో గ్యాస్ సిలిండరును కాస్త కదిపితే లోపల ద్రవం తొణికిసలాడుతుంది. అందులో ఉండే ప్రొపేన్, బ్యుటేన్‌ల సందిగ్ధ ఉష్ణోగ్రతలు 96, 152 డిగ్రీలు. మన రోహిణీకార్తె ఎండలైనా వాటికి చాలా దిగువే. అందుకే ఓ మోస్తరు పీడనంతోనే అవి ద్రవంగా ఉండిపోతాయి. రెగ్యులేటరు తిప్పగానే పైన పీడనం తగ్గి ద్రవం మరుగుతుంది. ఆ మరగడానికి కావలసిన వేడిని సిలిండరు నుంచే లాక్కుంటుంది. హోటళ్లలో పెద్ద పొయ్యి గంటల తరబడి మండితే సిలిండరు అడుగున మంచు పేరుకోవడానికి కారణం అదే. ఆసుపత్రిలో రోగి మంచం పక్కన నిలబెట్టే ఆక్సిజన్ సిలిండరును ఎంత కదిపినా చప్పుడు రాదు. అందులో ఉన్నది ఎంతో నొక్కిపెట్టిన వాయువే. గది ఉష్ణోగ్రతలో ఆక్సిజన్ ద్రవం కాలేదు.

ఆక్సిజన్‌ను ద్రవం చేయాలంటే ముందు చల్లబరచాలి. మైనస్ 183 డిగ్రీల దగ్గర అది లేత నీలంరంగు ద్రవం. ఒక లీటరు ఆ ద్రవం గది ఉష్ణోగ్రతలో సుమారు 860 లీటర్ల వాయువు అవుతుంది. ఘనమూలం తీస్తే కణాల మధ్య దూరం తొమ్మిదిన్నర రెట్లు పెరిగిందన్నమాట. 2021 ఏప్రిల్‌లో ఈ 860 అనే సంఖ్య మన ప్రాణాలతో ముడిపడింది. కోవిడ్ రెండో ఉధృతిలో విశాఖ ఉక్కు కర్మాగారం నుంచి ద్రవ ఆక్సిజన్ ట్యాంకర్లు రైలెక్కి మహారాష్ట్రకు వెళ్లాయి. హైదరాబాదు బేగంపేట నుంచి ఖాళీ ట్యాంకర్లను వాయుసేన విమానాల్లో ఒడిశాకు తరలించి, నింపుకుని రోడ్డు మార్గాన తెచ్చుకున్నారు. ఒక్క ట్యాంకరులో వచ్చిన ప్రాణవాయువును మామూలు గాలి పీడనంలో తేవాలంటే అలాంటివి 860 కావాలి. స్థితుల పాఠం పరీక్షల కోసం చదివేది కాదని ఆ నెలలో అందరం చూశాం.

శాశ్వత వాయువులు ఒక్కొక్కటే ఓడిపోయాయి. 1877లో ఆక్సిజన్ పొగమంచులా కనిపించింది. 1883లో పోలెండులోని క్రాకోలో దాన్ని పాత్రలో నిలకడగా మరిగే ద్రవంగా చూశారు. 1898లో జేమ్స్ డ్యూవర్ లండన్లో హైడ్రోజన్‌ను లొంగదీశాడు. మిగిలింది హీలియం. హాలండులోని లైడెన్‌లో హైకె కామర్లింగ్ ఓన్స్ దాని వెంటపడ్డాడు. ఆయనకు కావలసిన హీలియం మోనజైట్ ఇసుక నుంచి వచ్చింది. మన భీమునిపట్నం, శ్రీకాకుళం తీరాల్లో కూడా ఈ ఖనిజముంది. అందులోని థోరియం కోట్ల ఏళ్లుగా విరుగుతూ ఇసుక రేణువుల్లోనే హీలియంను దాచిపెడుతుంది. ఆ ఇసుకను వేడిచేసి ఆయన బృందం వాయువును కూడబెట్టింది.

1908 జులై 10 తెల్లవారుజామున పని మొదలైంది. పద్ధతి అంచెలంచెలుగా సాగేది. ముందు ద్రవ గాలితో హైడ్రోజన్‌ను చల్లార్చాలి. హైడ్రోజన్ ద్రవమయ్యాక దానితో హీలియంను చల్లార్చాలి. అప్పుడు హీలియంను సన్నని రంధ్రం గుండా వ్యాకోచింపజేయాలి. వ్యాకోచించేటప్పుడు కణాలు ఒకదాని పట్టులోంచి ఒకటి విడిపోవడానికి తమ వేగాన్నే ఖర్చుచేసుకుంటాయి, వాయువు ఇంకా చల్లబడుతుంది. హీలియంకు ఆకర్షణ అతి స్వల్పం కాబట్టి, ముందే బాగా చల్లార్చకపోతే ఈ పద్ధతి పనిచేయదు, సరికదా వాయువు ఇంకాస్త వేడెక్కుతుంది. సాయంత్రానికి ఉష్ణమాపకం ఒకచోట ఆగిపోయి కదలలేదు. పాత్రలో ఏమీ కనిపించడం లేదు. చూడవచ్చిన ఒక రసాయన ఆచార్యుడు, పాత్రకు అడుగు నుంచి దీపం వెలుగు పట్టి చూడమన్నాడు. అలా చూడగానే పాత్ర దాదాపు నిండి ఉందని తెలిసింది! రంగులేని ఆ ద్రవం ఎప్పుడు చేరిందో కూడా ఎవరికీ తెలియలేదు. వచ్చింది 60 ఘన సెంటీమీటర్లు. ఉష్ణోగ్రత మైనస్ 269 డిగ్రీలు, అంటే ఉష్ణోగ్రతకు అట్టడుగైన పరమ శూన్యానికి నాలుగు డిగ్రీల పైన.

ఆ రాత్రే ఓన్స్ ఇంకో మెట్టు దిగబోయాడు. ఆవిరిని పంపుతో లాగేసి ద్రవాన్ని మరింత చల్లార్చి గడ్డకట్టించాలని చూశాడు. గడ్డకట్టలేదు. ఆ తర్వాత ఏళ్ల తరబడి ప్రయత్నించి, పరమ శూన్యం నుంచి ఒక డిగ్రీ లోపుకు చేరినా హీలియం ద్రవంగానే ఉంది. 1926లో ఆయన చనిపోయాడు. ఆ ఏడాదే ఆయన శిష్యుడు విలెం కీసమ్ హీలియంను గడ్డకట్టించాడు. చల్లదనం ఒక్కటే చాలలేదు, మన గాలి పీడనానికి 25 రెట్లకు పైగా నొక్కాల్సి వచ్చింది. ఇప్పటికి మనకు తెలిసినంతలో, మామూలు పీడనంలో పరమ శూన్యం దాకా వెళ్లినా గడ్డకట్టని పదార్థం హీలియం ఒక్కటే.

ఇక్కడ ఆగి ఆలోచించాలి. వేడి అంటే కణాల కదలిక అని ఇందాక చెప్పుకున్నాం. వేడి మొత్తం తీసేస్తే కదలిక ఆగి, ఎంత కొద్దిపాటి ఆకర్షణైనా సరే గెలవాలి కదా? క్వాంటం సిద్ధాంతం అలా జరగదని చెబుతుంది. ఏ కణాన్నీ ఒకచోట పూర్తిగా నిశ్చలంగా బంధించలేం. ఎంత ఇరుకున బంధిస్తే అంతగా అది అదురుతుంది. వేడిని తీసేయవచ్చు, ఈ అదురును తీసేయలేం. బరువైన కణాలకు ఇది లెక్కలోకి రానంత తక్కువ. హీలియం తేలిక, పైగా ఆకర్షణ అతి స్వల్పం. రెండూ కలిసేసరికి ఆ అదురే దాన్ని కుదురుకోనివ్వదు. హైడ్రోజన్ ఇంకా తేలిక కదా, అది మైనస్ 259 దగ్గర ఎందుకు గడ్డకడుతుందని మీకు సందేహం రావాలి. హైడ్రోజన్ అణువుల మధ్య ఆకర్షణ హీలియం కంటే ఎక్కువ. బరువూ ఆకర్షణా రెండూ ఎక్కువైన నియాన్ సంగతి చెప్పనక్కర్లేదు, మైనస్ 248 దగ్గరే గడ్డకట్టేస్తుంది.

ద్రవ హీలియంను 2.17 కెల్విన్‌కు, అంటే పరమ శూన్యానికి 2.17 డిగ్రీల పైన ఉన్న స్థాయికి, దిగువకు తెస్తే మరో వింత. అప్పటిదాకా బుడగలతో మరుగుతున్న ద్రవం ఒక్కసారిగా నిమ్మళిస్తుంది. గాలి చొరడానికే కష్టమైన సందుల్లోంచి రాపిడి లేకుండా పారుతుంది. గ్లాసులో పోసి వదిలేస్తే పలచని పొరగా గోడ ఎక్కి బయటికి దిగిపోతుంది. 1938లో మాస్కోలో పీటర్ కపిట్సా, కేంబ్రిడ్జిలో అలెన్, మైసెనర్ దీన్ని విడివిడిగా కనుక్కున్నారు. దానికి సూపర్ ఫ్లూయిడ్ అని పేరు. 1924లో ఢాకాలో ఉన్న సత్యేంద్రనాథ్ బోస్ కాంతి కణాల లెక్క కోసం ప్రతిపాదించిన విధానాన్ని ఐన్‌స్టయిన్ పరమాణువులకు విస్తరించాడు. అసంఖ్యాక పరమాణువులు ఒకే క్వాంటం స్థితిలో చేరిపోగలవని ఆ లెక్క చెప్పింది. హీలియం వింతకు మూలం అదేనని ఫ్రిట్జ్ లండన్ అదే 1938లో గుర్తించాడు. రెండు న్యూట్రాన్ల బదులు ఒకటే ఉండే హీలియం-3కు ఈ దశ రావడానికి, పరమ శూన్యం నుంచి లెక్కించే ఆ ఉష్ణోగ్రత ఇంచుమించు వెయ్యోవంతుకు తగ్గాలి. ఎలక్ట్రాన్లు అవే, ఆకర్షణ అదే. కేంద్రకంలో ఒక్క న్యూట్రాన్ తగ్గినందుకు గుంపు నడత మొత్తం మారిపోయింది.

ఇంత చల్లని ద్రవం మన ఊళ్లలోనే ఉంది. హైదరాబాదులోనో విజయవాడలోనో ఎంఆర్ఐ స్కానింగు చేయించుకుంటే, మీరు పడుకున్న సొరంగం చుట్టూ ఉన్న తీగచుట్టను చల్లగా ఉంచేది ద్రవ హీలియమే. చాలా యంత్రాల్లో అది వెయ్యి లీటర్లకు పైగా ఉంటుంది. ఆ చల్లదనంలో తీగకు విద్యుత్ నిరోధం ఉండదు, అయస్కాంత క్షేత్రం ఏళ్ల తరబడి తరగదు. ఈ పనికి హీలియంకు సాటి వచ్చే ద్రవం లేదు, ఎందుకంటే అంత చల్లదనంలో మిగతావన్నీ గడ్డకట్టేస్తాయి.

హీలియం దొరికేది భూగర్భంలోని సహజవాయువు నిక్షేపాల్లో. యురేనియం, థోరియం కోట్ల సంవత్సరాలు విరిగితే పోగైనది అది. గాలిలో దాని వాటా పది లక్షల భాగాల్లో ఐదు మాత్రమే. బయటికి వదిలితే దేనితోనూ కలవదు, పై పొరలకు చేరి మెల్లగా అంతరిక్షంలోకి జారిపోతుంది. మళ్లీ తెచ్చుకోలేం. పుట్టినరోజు పందిళ్లలో గాలికి వదిలే బెలూన్లకు దాన్ని నింపడం మానుకుందాం. ఆసుపత్రులూ, పరిశోధనశాలలూ ఆవిరయ్యే హీలియంను పట్టి మళ్లీ ద్రవంగా మార్చే ఏర్పాటు తప్పనిసరిగా పెట్టుకోవాలి.